చల్క నేలపై సాఫ్ట్‌బాల్: ఉన్నత పాఠశాల మైదానాల స్థితి, సంరక్షణ

సికింద్రాబాదు కంటోన్మెంటు పరిధిలోని కార్ఖానాలో, రాజీవ్ రహదారికి ఇరువైపులా ఉన్న వీధుల్లో పాఠశాలలకు కొదవ లేదు. ఆట స్థలం ఉన్న పాఠశాలలు వాటిలో కొన్నే. ఆ కొన్నింటిలోనూ సాఫ్ట్‌బాల్‌కు ప్రత్యేకంగా నేల కేటాయించడం అరుదు. ఉదయం ప్రార్థన, ఆపై కవాతు, మధ్యాహ్నం క్రికెట్టు, కబడ్డీ, సాయంత్రం బడి బస్సుల నిలుపుదల, ఏడాదికొకసారి వార్షికోత్సవ వేదిక. ఇన్నింటిని ఒకే నేల మోస్తుంది. వీటి నడుమ మిగిలిన మూలలో నాలుగు బేస్‌లు పరచి పిల్లలు, ముఖ్యంగా బాలికలు, సాఫ్ట్‌బాల్ ఆడతారు. ఆ మూల నేల ఎలా ఉందో పరిశీలించే బాధ్యత సాధారణంగా ఎవరికీ ఉండదు. వ్యాయామ ఉపాధ్యాయులకు ఆట తెలుసు, నేల శాస్త్రం తెలియదు. మనకు నేల శాస్త్రం తెలుసు, కానీ పాఠశాల మైదానాన్ని నేలగా చూసే అలవాటు లేదు.

సాఫ్ట్‌బాల్ విషయంలో ఈ లోటు ప్రమాదకరం. క్రికెట్టులో బంతి ప్రధానంగా పిచ్‌పై పడి లేస్తుంది. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటు తగిలిన బంతి ఇన్‌ఫీల్డ్ అంతటా నేలను తాకుతూ దూసుకుపోతుంది. దాని చుట్టుకొలత సుమారు 30 సెంటీమీటర్లు, బరువు 180 నుండి 200 గ్రాముల మధ్య. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు, అంటే 18.29 మీటర్లు మాత్రమే. అంత దగ్గరలో వంగి నిలబడిన పదమూడేళ్ల బాలిక వైపు వచ్చే బంతి దారిలో ఒక గులకరాయికి తగిలితే నేరుగా ముఖం మీదకు లేస్తుంది. బేస్ అందుకోవడానికి జారే క్రీడాకారిణి తొడ, మోచేయి అదే నేలకు రాసుకుంటాయి. గుంటలో పడిన కాలి మడమ మెలిపడుతుంది. కనుక ఇక్కడ నేల నాణ్యత అంటే పిల్లల భద్రతే.

ఈ ఆటలో మరొక విశేషం ఉంది. సంప్రదాయ సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్‌లో గడ్డి ఉండదు, అది పూర్తిగా మట్టితో కూడిన భాగం. పిచ్చర్ నిలిచే చోటు నుండి 60 అడుగుల వ్యాసార్ధంతో చాపం గీసి ఆ హద్దు వరకు మట్టిని ఉంచుతారు. బాలికల ఆటలో పిచ్చర్ స్థానం హోం ప్లేట్‌కు 43 అడుగుల దూరంలో ఉంటుందని తీసుకొని లెక్కిస్తే ఈ భాగం విస్తీర్ణం సుమారు 670 చదరపు మీటర్లు. అంటే గుంటకు ఆరు రెట్లకు పైగా వైశాల్యం గల భూమిని ఏడాది పొడవునా పైరు లేకుండా, గట్టిపడకుండా, దుమ్ము లేవకుండా, నీరు నిలవకుండా ఉంచాలి. మెట్ట సేద్యంపై పనిచేసిన శాస్త్రవేత్తలకు ఈ సమస్య కొత్తది కాదు.

నేల స్వభావం

కార్ఖానా పరిసరాల సహజ నేల గ్రానైటు శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్ర చల్క. ఇందులో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. ఉన్న బంకమన్ను ఎక్కువగా కయోలినైటు రకం కావడం వల్ల నల్లరేగడిలా ఉబ్బి, కుంచించుకుని, తనంతట తాను పగిలి గుల్లబారే గుణం దీనికి ఉండదు. రేణువుల కూర్పు బలహీనం. వాన చినుకు తాకిడికి పైపొర చెదిరి, సన్నని రేణువులు రంధ్రాలను మూసివేసి, ఎండగానే పెచ్చు కడుతుంది. మొలక పైకి రాలేని ఈ పెచ్చును గురించి, దాన్ని పైపైన అంతరకృషితో చిదిమే పద్ధతుల గురించి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలోని ఎర్ర నేలలపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. అక్కడ జొన్న మొలకను ఆపే పెచ్చే ఇక్కడ బంతిని రబ్బరు గచ్చుపై వలె ఎగరవేస్తుంది.

పట్టణ నేలకు అదనపు చిక్కులున్నాయి. భవనం కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు, మేకులు మైదానం కిందనే కలిసిపోయి ఉంటాయి. సున్నం, సిమెంటు అవశేషాల వల్ల ఉదజని సూచిక పెరిగే అవకాశమూ ఉంది. అందుచేత పార వేయడానికి ముందు గడ్డపారతో నాలుగైదు చోట్ల పదిహేను సెంటీమీటర్ల లోతు వరకు తవ్వి చూడడం తప్పనిసరి.

మైదానం ఎలా చెడుతుంది

మొదట అణిగిపోతుంది. బస్సు చక్రాలు, ముఖ్యంగా వాన వెలిసిన మర్నాడు తడి నేలపై తిరిగినవి, పైనున్న పది, పదిహేను సెంటీమీటర్ల పొరను బిగించివేస్తాయి. ఇసుక గరప నేలలో స్థూల సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.65 గ్రాములు దాటినప్పటి నుండి వేర్లకు ఇబ్బంది మొదలవుతుంది. అంతకంటే ముందే నీటి ఇంకుదల పడిపోతుంది.

రెండవ మార్పు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. ఎండాకాలంలో లేచే దుమ్ములో పోయేది ఒండ్రు, బంకమన్ను. వానలో కొట్టుకుపోయేదీ అదే. బరువైన ఇసుక, గులక మాత్రం అక్కడే మిగులుతాయి. ఏటా కొంత సన్న మట్టి పోగా, కొన్నేళ్లకు పైపొర అంతా గులక పరచినట్లు తయారవుతుంది. వాలు చేలల్లో కోత వల్ల రాళ్లు తేలడాన్ని చూసిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పోయిన సన్న మట్టి అంతా దూరం పోదు. కొంత గడ్డి అంచున చేరి గట్టు కడుతుంది. ఆ గట్టు వాననీటిని లోపలే నిలిపివేస్తుంది. ఇన్‌ఫీల్డ్ చివర వాన తర్వాత అర్ధచంద్రాకారంలో నీటి మడుగు కనిపిస్తే కారణం పల్లం కాదు, ఈ గట్టు.

మూడవది గుంటలు. పిచ్చర్ అడుగు పెట్టే చోట, బ్యాటర్ నిలబడే చోట, బేస్‌ల ముందు అడుగుల రాపిడికి నేల తింటుంది. సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్‌కు బేస్‌బాల్ వలె ఎత్తైన దిబ్బ ఉండదు. చదునైన నేల నుండే బంతి వేయాలి కనుక అక్కడ ఐదు సెంటీమీటర్ల గుంట పడినా ఆట తీరే మారిపోతుంది.

ఈ మూడింటికీ సాధారణంగా జరిగే చికిత్స ఒక్కటే. పోటీలకు వారం ముందు రెండు లారీల మొరం పోసి రోలరు తొక్కించడం. చూడడానికి ఎర్రగా, చదునుగా, కొత్తగా ఉంటుంది. కాని మొరంలో పట్టు ఇచ్చే బంకమన్ను కంటే కంకర పాలు ఎక్కువ. రోలరు కింది పొరను ఇంకా బిగిస్తుంది. రెండు వానలకు సన్న పొడి కొట్టుకుపోయి కంకర పళ్లు బయటపడతాయి. రహదారి వేయడానికి సరైన పద్ధతిని పిల్లలు జారే నేలకు వాడుతున్నాం. అయినా మళ్లీ మళ్లీ అదే చేయడానికి కారణం, దాని ఫలితం ఒక్క పూటలో కనిపించడమే కావచ్చు.

సరిచేసే విధానం

ముందుగా ఆ నేలలో ఏముందో తెలుసుకోవాలి. ప్రయోగశాల పరీక్ష ఉత్తమం. అది వీలుకాని చోట గాజు సీసా పరీక్ష సరిపోతుంది. రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టిని సీసాలో మూడో వంతు పోసి, నీరు నింపి, చిటికెడు బట్టల సోడా వేసి బాగా కుదపాలి. నిమిషంలోపు అడుగుకు చేరేది ఇసుక, రెండు గంటల్లో దానిపై పేరుకునేది ఒండ్రు, ఒకటి రెండు రోజులకు గాని తేరనిది బంకమన్ను. ఇన్‌ఫీల్డ్‌కు ఇసుక 60 నుండి 70 శాతం, బంకమన్ను 20 శాతం దరిదాపుల్లో ఉండి, ఒండ్రు బంకమన్నును మించకుండా ఉంటే మేలు. ఒండ్రు హెచ్చితే ఎండలో దుమ్ము, వానలో జారుడు.

చల్క నేలలో సాధారణంగా లోపించేది బంకమన్నే. చెరువు పూడిక మట్టి మనకు తెలిసిన మందు. మిషన్ కాకతీయ కాలం నుండి రైతులు దానిని పొలాలకు తోలుకుంటూనే ఉన్నారు. అయితే ఇక్కడ లెక్క వేసుకోవాలి. బంకమన్ను 10 శాతం ఉన్న నేలను, 45 శాతం ఉన్న పూడిక మట్టితో 20 శాతానికి తేవాలంటే మిశ్రమంలో పూడిక మట్టి సుమారు 28 శాతం ఉండాలి. ఇన్‌ఫీల్డ్ మొత్తాన్ని పది సెంటీమీటర్ల లోతు మార్చాలంటే దాదాపు 29 టన్నులు కావాలి. పాఠశాలకు ఇది భారమే. అందువల్ల మొదటి ఏడాది హోం ప్లేట్ చుట్టూ నాలుగు మీటర్లు, పిచ్చర్ వలయం, మూడు బేస్‌ల చుట్టూ రెండేసి మీటర్లు మాత్రమే తీసుకుంటే విస్తీర్ణం 107 చదరపు మీటర్లకు, అవసరం నాలుగున్నర టన్నులకు తగ్గుతుంది. ఒకటి రెండు ట్రాక్టరు ట్రక్కులతో పని ముగుస్తుంది. ఆటలో సగానికి పైగా రాపిడి ఈ చోట్లనే పడుతుంది.

పూడిక మట్టిని పైన పరచి వదిలివేయరాదు. పాత నేలను గుల్లచేసి, రాళ్లు ఏరి, ఆరిన పూడిక మట్టిని పొడిచేసి కలపాలి. పొరగా మిగిలితే వానకు అది బురదై కింది గట్టి పొరపై జారుతుంది. నల్లరేగడి పాలు మరీ ఎక్కువగా ఉన్న పూడిక అయితే ఎండలో నెర్రెలిస్తుంది. అటువంటి దానిని వదిలివేయడమే మంచిది.

వాలు విషయంలో తొందర పనికిరాదు. పిచ్చర్ వలయం నుండి బయటకు అర శాతం నుండి ఒక శాతం వరకు వాలు చాలు. ఒక శాతం వద్ద కూడా పదమూడు మీటర్లకు పదమూడు సెంటీమీటర్లే తేడా. కంటితో అంచనా వేయడం కుదరదు. నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో మేస్త్రీలు మట్టం చూసే పద్ధతి ఇందుకు చక్కగా ఉపయోగపడుతుంది.

ఇక నీరు. సాఫ్ట్‌బాల్ మట్టికి బంకమన్ను ఎంత ముఖ్యమో తేమ అంత ముఖ్యం. అరచేతిలో పిసికితే ముద్ద కట్టి, వేలితో నొక్కితే విరిగిపోయే పదును ఉండాలి. దుక్కి పదును అని రైతు దేనిని అంటాడో అదే. ఇన్‌ఫీల్డ్ మొత్తానికి 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి సుమారు 3,350 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరులో మూడింట రెండు వంతులు కావాలి. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం చూసే నగరంలో ప్రతి రోజూ ఇంత నీరు అడగడం న్యాయం కాదు. ఆట ఉన్న ముందురోజు సాయంత్రం మాత్రమే తడిపి, మర్నాడు పైన ఒకటి రెండు సెంటీమీటర్లు దంతెతో గుల్లచేస్తే ఆ వదులు పొర ఆవిరిని అడ్డుకొని కింది తేమను నిలుపుతుంది. అంతరకృషి ఒక తడితో సమానమని మెట్ట రైతుకు మనం చెప్పే మాటే ఇక్కడా వర్తిస్తుంది. వ్యాయామ ఉపాధ్యాయులకు ఈ ఒక్క సూత్రం పట్టుబడితే నీటి ఖర్చు గణనీయంగా తగ్గుతుంది.

అవుట్‌ఫీల్డ్‌కు గరిక

చేనులో మనం తరతరాలుగా పెరికివేసే గరికే అవుట్‌ఫీల్డ్‌కు తగిన గడ్డి. ఎండకు, తొక్కిడికి, నీటి ఎద్దడికి తట్టుకొని, తెగిన కణుపు నుండి మళ్లీ పాకుతుంది. ఆట మైదానాల్లో ప్రసిద్ధమైన టిఫ్‌వే 419 కూడా గరిక సంకరమే. 1960లో విడుదలైన ఆ రకం అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్‌లో పనిచేసిన గ్లెన్ బర్టన్ కృషి ఫలితం. ఆయన పేరు మన విద్యార్థులకు మరో పాఠంలో తారసపడుతుంది. 1965లో మన దేశంలో విడుదలైన తొలి సజ్జ హైబ్రిడ్ హెచ్.బి.-1కు ఆధారమైన టిఫ్ట్ 23ఎ పురుష వంధ్య రకం కూడా ఆయన అందించినదే. అయితే పాఠశాలకు సంకర రకం కొనుగోలు అవసరమని నేను భావించను. స్థానిక గరిక తీగలను రెండు మూడు కణుపుల ముక్కలుగా కత్తిరించి, తొలకరి తర్వాత 10 నుండి 15 సెంటీమీటర్ల దూరంలో నాటితే వానాకాలం ముగిసేలోగా నేలను కప్పుతుంది. పెరుగుదల నెలల్లో చదరపు మీటరుకు నెలకు సుమారు 10 గ్రాముల యూరియా వేసి తడి ఇవ్వాలి. చెట్ల నీడలో మాత్రం గరిక నిలవదు. ఆ భాగాన్ని పిల్లలు కూర్చోవడానికి వదలడమే తెలివైన పని.

కలుపులో పల్లేరు, తుంగ, వయ్యారిభామ ప్రధానం. పల్లేరు కాయ ముల్లు బూటు అడుగులో గుచ్చుకుంటుంది. జారే పిల్లకు ఒంట్లోనే గుచ్చుకుంటుంది. కాయ పట్టకముందే వేరుతో తీయాలి. వయ్యారిభామను పూతకు ముందు, చేతి తొడుగులతో పెరకాలి. పిల్లలు ప్రతిదినం కూర్చొని, పొర్లాడే నేలపై కలుపు మందులు చల్లడాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ సిఫారసు చేయరాదు.

పని వేళలు

ఈ పనులు పాఠశాల సంవత్సరంతో చక్కగా కుదురుతాయి. వేసవి సెలవుల్లో మైదానం ఖాళీగా ఉంటుంది. నేలను గుల్లచేయడం, పూడిక కలపడం, మట్టం సరిచేయడం అప్పుడే జరగాలి. చెరువులు ఎండి పూడిక దొరికేదీ అప్పుడే. జూన్‌లో బడి తెరిచే నాటికి తొలి వానలతో మట్టి సర్దుకుంటుంది, గరిక నాటవచ్చు. ఆ తర్వాత బస్సులను ఇన్‌ఫీల్డ్ మీదకు రానివ్వకుండా నాలుగు రాళ్లు పాతి తాడు కట్టడం అన్నింటికంటే చవకైన, అన్నింటికంటే కష్టమైన పని. ప్రధానోపాధ్యాయుల అంగీకారం లేనిదే అది సాగదు. విస్తరణ శాస్త్రవేత్త మొదటి సందర్శనలోనే ఆ సంభాషణ జరపాలి. అడుగు తీసిన డబ్బా ఒకటి వెంట తీసుకువెళ్లి, బస్సు నిలిచే చోట, గోడ పక్కన ఎవరూ తొక్కని చోట ఐదు సెంటీమీటర్ల లోతు దిగగొట్టి నీరు పోసి, ఎక్కడ ఎంతసేపట్లో ఇంకుతుందో వారి ఎదుటే గడియారంతో చూపితే చాలావరకు వాదన అవసరం ఉండదు. వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు ఈ పరీక్షను ఒక ఉదయంలో పూర్తి చేయగలరు.

రోజువారీ పని పది నిమిషాలది. ఆట ముగియగానే జట్టు పిల్లలే బేస్‌లు తీసి, గడ్డి అంచున చేరిన సన్న మట్టిని చీపురుతో లోపలికి ఊడ్చాలి. దంతెను అంచుకు ఒక అడుగు ఇవతలే ఆపి, ప్రతి రోజూ దిశ మారుస్తూ లాగాలి. పిచ్చర్, బ్యాటర్ గుంటల్లోని పొడి మట్టిని తీసివేసి, గుంట అడుగును తడిపి, పదును మట్టి నింపి దిమ్మిసతో కొట్టి, రాత్రికి తడి గోనె పట్టా కప్పి ఉంచాలి.