హైడ్రోమీటరు చెప్పని క్షారత్వం

సేద్యశాస్త్రజ్ఞునికి విద్యుద్విశ్లేషణ ఘటంతో పని ఏమిటని అడిగే సహోద్యోగులు నాకు ఇప్పటికీ ఉన్నారు. యూరియాకు మూలం అమ్మోనియా. అమ్మోనియాకు మూలం హైడ్రోజన్. దానిని సహజవాయువు నుండి కాక నీటి నుండి తీయడం కొత్త ఆలోచన కాదు. నార్వేలోని రూకన్‌లో 1920ల చివర, మన దేశంలో నంగల్‌లో 1960ల ఆరంభంలో, జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి ఎరువులు తయారుచేశారు. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు 2023 జనవరిలో ఆమోదం లభించడంతో ఈ విషయం మళ్ళీ ముందుకు వచ్చింది. మా ప్రయోగశాలలోనూ బోధన నిమిత్తం ఒక చిన్న ఘటం వెలిసింది. దాని విషయంలో నేను చేసిన పొరపాటే ఈ వ్యాసానికి కారణం.

ఘటంలో నింపినది సుమారు 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. ద్రావణపు విద్యుద్వాహకత 25–30 శాతం ప్రాంతంలో గరిష్ఠంగా ఉంటుంది. గాఢత అంతకు తగ్గినా, మించినా వాహకత పడిపోతుంది. కొన్ని నెలల తరువాత అదే విద్యుత్ ప్రవాహానికి ఎక్కువ వోల్టేజి అవసరమవుతున్నదని ఒక పరిశోధక విద్యార్థి గమనించి, ద్రావణంపై అనుమానం వ్యక్తం చేశాడు. నేను హైడ్రోమీటరు ముంచి చూశాను. 20 డిగ్రీల వద్ద 30 శాతం ద్రావణానికి ఉండవలసిన సాంద్రత 1.29, మాపకం అంతకంటె కాస్త ఎక్కువే చూపింది. ద్రావణం బాగున్నదనీ, దోషం నికెల్ పలకలదేననీ తేల్చి చెప్పాను. పలకలు మార్చాము. వోల్టేజి దిగలేదు.

ద్రావణాన్ని మూతలేని పాత్రలో నిల్వ చేశామన్న సంగతి నాకు తట్టనే లేదు. క్షారద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడును విడువకుండా పీల్చుకుంటుంది. రెండు అణువుల పొటాషియం హైడ్రాక్సైడ్ పోయి, ఒక అణువు పొటాషియం కార్బొనేట్ ఏర్పడుతుంది. కార్బొనేట్ ద్రావణపు వాహకత తక్కువ. అయితే ఒకే శాతం గాఢత గల ఈ రెండు ద్రావణాల సాంద్రతలు దాదాపు సమానం. కనుక హైడ్రోమీటరు వీటిని వేరుచేయలేదు. అది అబద్ధం చెప్పలేదు. నేను దానిని అడగరాని ప్రశ్న అడిగాను.

ఉదజని సూచికను కొలిస్తే సరిపోదా అని పాఠకులు అనవచ్చు. లీటరుకు దాదాపు 7 మోల్‌ల క్షారంలో ఆ విలువ 14 దాటిపోతుంది. గాజు ఎలక్ట్రోడు అక్కడ తప్పుడు విలువలు ఇవ్వడమే కాక, తానూ పాడవుతుంది. పైగా అది లాగరిథమ్ కొలమానం: గాఢత 30 నుండి 23 శాతానికి పడినా మార్పు సుమారు 0.1 మాత్రమే.

మిగిలిన మార్గం అంశమాపనం. విద్యార్థి నాతో వాదించక, సాగునీటి పరీక్షల బల్ల వద్దకు వెళ్ళాడు. 10 గ్రాముల ద్రావణాన్ని తూచి, మరిగించి చల్లార్చిన స్వేదనజలంతో 250 మి.లీ.కు పెంచి, అందులో 10 మి.లీ. తీసుకొని 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొలిచాడు. ఫినాఫ్తలీన్ గులాబీరంగు పోవడానికి 18.9 మి.లీ., ఆపై మిథైల్ ఆరెంజ్ రంగు మారేవరకు మొత్తం 21.4 మి.లీ. పట్టింది. శుద్ధమైన 30 శాతం ద్రావణానికి కూడా మొత్తం 21.4 మి.లీ. పడుతుంది. అంటే మొత్తం క్షారత్వం చెక్కుచెదరలేదు! కార్బొనేట్‌గా మారిన క్షారం కూడా అంతే ఆమ్లాన్ని వినియోగించుకుంటుంది గదా. మొదటి కొలతను రెట్టించి మొత్తాన్ని తీసివేస్తే హైడ్రాక్సైడ్ వాటా 16.4 మి.లీ.; మిగిలిన 5.0 కార్బొనేట్‌ది. లెక్క కడితే హైడ్రాక్సైడ్ 23.0 శాతం, కార్బొనేట్ 8.6 శాతం.

కార్బొనేట్ ఉన్నచోట ఫినాఫ్తలీన్ రంగు ఒక్కసారిగా పోదు, మెల్లగా వెలుస్తుంది. కనుక బేరియం క్లోరైడు కలిపి, కార్బొనేట్‌ను తెల్లని అవక్షేపంగా దింపి, వడపోయకుండానే ఫినాఫ్తలీన్‌తో హైడ్రాక్సైడును నేరుగా కొలిచి సరిచూడాలి. బేరియం లవణాలు విషపూరితం. గాఢ క్షారం కంటిలో పడితే చూపుకే ప్రమాదం. కళ్ళద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి.

ఈ రెండు రంగు సూచికలు మన శాఖకు పరాయివి కావు. బోరునీటిలో కార్బొనేట్, బైకార్బొనేట్‌లను వీటితోనే వేరుచేస్తాము. వాటి మొత్తం నుండి కాల్షియం, మెగ్నీషియంలను తీసివేయగా మిగిలే సోడియం కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీరు సేద్యానికి పనికిరాదంటాము. ఉదజని సూచిక ఒక్కటే చూసి నీటిని మెచ్చుకున్న రైతు పొలం కారుచౌడుగా మారడం చూసినవాడినే నేను. అయినా నా ఘటం దగ్గర ఒకే అంకెను నమ్మాను.

అదే బోరునీటిని ఘటంలో తగ్గిన నీటికి బదులుగా పోయరాదు. అందులోని బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారుతుంది. కాల్షియం సున్నపుపొరగా దిగుతుంది. వాయువులుగా వెళ్ళేది నీరు మాత్రమే కనుక లవణాలన్నీ లోపలే పేరుకుంటాయి. ఖనిజరహిత జలమే వాడాలి. నమూనాను ప్లాస్టిక్ సీసాలో అంచువరకు నింపి బిగించాలి. గాజు బిరడా క్షారానికి పట్టేసి ఊడిరాదు.

ద్రావణం మార్చిన తరువాత వోల్టేజి మొదటి స్థాయికి దిగింది. తీసివేసిన నికెల్ పలకలు చెక్కుచెదరకుండా బీరువాలో ఉన్నాయి. ఘటం పక్కనున్న పుస్తకంలో సాంద్రత గడి పక్కన విద్యార్థి మరో రెండు గడులు గీశాడు: హైడ్రాక్సైడ్, కార్బొనేట్. ప్రతి పక్షానికి ఒకసారి వాటిని నింపుతున్నాము.