కళాకారుల జీవితములు - డాక్యుమెంటరీ చిత్రములు

చలనచిత్రమనగానే మనకు కథ, పాటలు, నాయకుడు, ప్రతినాయకుడు స్మరణకు వత్తురు. ఆ కథను ఒకరు కల్పింతురు. నటులు వేషములు ధరించి, వల్లించిన మాటలు పలుకుదురు. ఇట్లు గాక, నిజముగా జీవించు మనుష్యులను, నిజముగా జరుగు పనులను చూపు చిత్రములు వేరొక జాతి కలవు. వానికి డాక్యుమెంటరీ చిత్రములని పేరు. జాన్ గ్రియర్సన్ అను స్కాట్లండు దేశీయుడు 1926లో ఒక చిత్రమును సమీక్షించుచు ఈ పేరు వాడెను. మన దేశమున కేంద్ర ప్రభుత్వము 1948లో ఫిలిమ్స్ డివిజన్ అను సంస్థను నెలకొల్పి ఇట్టి చిత్రములను తీయించినది. మీ తాతలు సినిమాహాలునకు పోయిన దినములలో అసలు ఆట మొదలగుటకు ముందు ఆ సంస్థవారి చిత్రమొకటి వేయుచుండెడివారు. ఆనకట్టలు, పంటలు, వరదలు అందు కనబడెడివి. ప్రేక్షకులలో పలువురు ఆ సమయమున వేరుసెనగకాయలు కొనుటకు బయటికి పోయెడివారట! అయినను ఆ సంస్థ తీయించిన చిత్రములలో కళాకారులను గూర్చినవి కొన్ని నేటికిని చూడదగియున్నవి.

కళాకారుని జీవితమును చిత్రించుట ఎట్లు? చిత్రకారుడు గీసిన బొమ్మ మిగులును. శిల్పి చెక్కిన రాయి మిగులును. కాని నర్తకి పాదము నేలను తాకిన మరుక్షణమే ఆ అడుగు గతించిపోవును. గాయకుని కంఠమును గ్రామఫోను పట్టియుంచగలదు గాని, పాడునప్పుడు అతని ముఖమున కలిగిన మార్పును పట్టలేదు. కెమెరా ఈ కొరతను తీర్చుచున్నది. అయితే కెమెరాను నిలిపినంతమాత్రమున చిత్రము కాదు. దర్శకుడు అనేక గంటలు చిత్రించును. పిమ్మట కూర్పరి అందు ఏది ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో నిర్ణయించి, ముక్కలను అతికి అరగంటయో గంటయో నడుచు చిత్రముగా చేయును. పాత ఛాయాచిత్రములు, ఉత్తరములు, బంధువుల మాటలు అందు చేరును. కావున డాక్యుమెంటరీ నిజమునకు అద్దమనుట పూర్తిగా సరికాదు. ఒకరు ఏరి కూర్చిన నిజమనుట మేలు.

ఈ చిక్కు మొదటినుండియు ఉన్నదే. రాబర్ట్ ఫ్లాహర్టీ అను అమెరికా దేశీయుడు కెనడా ఉత్తరభాగమున మంచునేలలో నివసించు ఇన్యూట్ ప్రజలలోని నానూక్ అను వేటగానిని గూర్చి చిత్రము తీసి 1922లో ప్రదర్శించెను. అది లోకమున పేరుగాంచినది. కాని మంచుఇంటి లోపల కెమెరాకు వెలుతురు చాలనందున, ఒక వైపు గోడ లేని ఇంటిని కట్టించి, అందు ఆ కుటుంబము నిద్రించుచున్నట్లు చిత్రించిరి. అప్పటికే తుపాకులు వాడుచున్న వేటగాండ్రచేత పూర్వపు పద్ధతిని ఈటెలతో వేటాడించిరి. దీనిని మోసమందుమా? మరుగైపోవుచున్న జీవనవిధానమును కాపాడుటకు చేసిన యుక్తి యందుమా? పండితులు నేటికిని వాదించుచునే యున్నారు.

సత్యజిత్ రాయ్ సైతము ఇట్టి చిక్కును ఎదుర్కొనెను. రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సందర్భమున 1961లో ఆయన ఫిలిమ్స్ డివిజన్ కొరకు ఆ మహాకవి జీవితమును చిత్రముగా తీసెను. రవీంద్రుని బాల్యమున చలనచిత్రమే పుట్టలేదు గదా! అందుచే రాయ్ ఆ బాల్యఘట్టములకు బాలనటులను నియోగించెను. ఇది నటనయని ప్రేక్షకునికి స్పష్టముగా తెలియుచున్నందున ఇందు వంచన లేదని నా అభిప్రాయము.

రాయ్ 1972లో తీసిన 'ది ఇన్నర్ ఐ' అను చిత్రము నడచునది ఇరువది నిమిషములే. 'అంతర్నేత్రము' అని దాని కర్థము. అందలి నాయకుడు వినోద్ బిహారీ ముఖర్జీ. ఆయన 1904లో జన్మించెను. పుట్టుకతోనే ఒక కన్ను కానరాదు. రెండవ కంటి చూపు మిక్కిలి మందము. దగ్గరకు తెచ్చుకొన్నగాని వస్తువు కనబడదు. అట్టి బాలుడు చిత్రకారుడు కాగలడని ఎవరనుకొందురు? శాంతినికేతనమున నందలాల్ బోస్ శిష్యుడై, తరువాత అచటనే అధ్యాపకుడయ్యెను. 1946-47 సంవత్సరములలో హిందీభవనము గోడలపై మధ్యయుగపు సాధుసంతుల జీవితములను చిత్రించెను. కబీరు, తులసీదాసు, అంధకవి సూరదాసు అందు దర్శనమిత్తురు. అంతటి విశాలమైన చిత్రమునకు ముందుగా పూర్తి పరిమాణముగల నమూనా నేదియు గీసికొనక, తడిగోడపై నేరుగా వ్రాసుకొనిపోయెననిన ఆయన మనోదృష్టి ఎట్టిదో ఊహింపవచ్చును. పది సంవత్సరములైన పిదప కంటికి చేసిన శస్త్రచికిత్స విఫలమై, ఉన్న కొద్ది చూపును పూర్తిగా పోయెను.

రాయ్ యౌవనమున, 1940 ప్రాంతమున, శాంతినికేతనమున చిత్రకళ నేర్చుకొనెను. వినోద్ బిహారీ ఆయనకు గురువు. చూపు కోల్పోయిన గురువు ఏమి చేయుచున్నాడో లోకమునకు చూపవలెనని శిష్యుడు కెమెరాతో వచ్చెను. ఆ చిత్రమున మనకు కనబడునది విలపించు వృద్ధుడు కాదు. ఆయన నల్లకళ్ళజోడు ధరించి, వ్రేళ్ళతో తడవి చూచుచు, కాగితమును మడచి, మట్టిని పిసికి ఆకృతులు చేయుచుండును. పలకలతో కూర్చవలసిన పెద్ద గోడచిత్రమునకు అవియే ఆధారము. కాగితపు ముక్కలను కత్తిరించి అంటించి బొమ్మలు చేయుటయు ఆయనకు ఆ దశలో అలవడినది. వ్యాఖ్యానము రాయ్ స్వయముగా చదివెను. అందు జాలిమాట ఒకటియు లేదు. జాలి చూపుట సులభము, ప్రేక్షకుని కంట నీరు తెప్పించుట మరియు సులభము. రాయ్ ఆ మార్గమును విడిచి, గురువు చేతులను చూపి ఊరకుండెను. ఈ చిత్రము గొప్పదనము అచటనే యున్నది. వినోద్ బిహారీ 1980లో మరణించెను.

రాయ్ 1976లో తీసిన 'బాల' భరతనాట్య విదుషి బాలసరస్వతిని గూర్చినది. ఆమె 1918లో మద్రాసున జన్మించెను. వీణ ధనమ్మాళ్ ఆమె మాతామహి. ఆ ఇంటివారు క్షేత్రయ్య పదములను తరతరములుగా కాపాడుకొనుచు వచ్చిరి. మువ్వగోపాలునిపై మన తెలుగులో పుట్టిన ఆ పదములు తమిళదేశమున ఆ ఇంట నిలిచినవనుట మనము గుర్తుంచుకొనదగిన సంగతి. బాలసరస్వతి ఏడేండ్ల ప్రాయమున కాంచీపుర కామాక్షీదేవి ఆలయమున తొలిసారి ఆడెను. దేవదాసీ కులముల స్త్రీల నాట్యమును సంఘము నిందించి, దూరముగా నెట్టుచున్న కాలమది. ఆ నిందకు వెరవక ఆమె ఆ విద్యను విడువలేదు. తల్లి జయమ్మాళ్ కూతురి నాట్యమునకు తానే పాడెను.

రాయ్ బాల్యమున కలకత్తాలో ఆమె నాట్యము చూచి ముగ్ధుడయ్యెను. చిత్రము తీయవలెనను తలపు చాలకాలమునకు పూర్వమే కలిగినను, అది నెరవేరునప్పటికి ఆమెకు ఏబది ఎనిమిదేండ్లు వచ్చెను. ఆమె ప్రౌఢయౌవనమున ఆడిన నాట్యము కెమెరాకు సమగ్రముగా చిక్కనేలేదు. ఇది మనకు పూరింపరాని నష్టము. చిత్రమున ఆమె సముద్రతీరమున నిలిచి కృష్ణుని పిలుచు కన్నడ పదమునకు అభినయించును. గాలికి చీరచెంగు ఎగురుచుండును. గాలియు అలలును అభినయమునకు అడ్డమైనవని కొందరు విమర్శించిరి. ఆ మాటలో కొంత నిజము కలదు. ఆలయమండపమునందో చిన్న సభయందో తీసియున్న బాగుగానుండెడిది. అయినను ఆమె కన్నులు, చేతులు పిల్లవానిని బుజ్జగించి పిలుచునప్పుడు వయస్సు మరుగుపడిపోవును. ఆమె 1984లో స్వర్గస్థురాలయ్యెను. నేడు నాట్యము నేర్చుకొను బాలికలు ఆమెను చూడగోరినచో శరణ్యమైన కొలది చిత్రములలో ఇది ముఖ్యము.

ఇటీవలి చిత్రములలో పేరుపొందిన గాయకులకన్న తెరవెనుకనుండు మనుష్యులపై దృష్టి హెచ్చినది. 2023 మార్చిలో 'నాటు నాటు' అను తెలుగు పాటకు ఆస్కారు బహుమతి వచ్చిన సభలోనే, తమిళనాడు ముదుమలై అడవులలో తల్లిలేని ఏనుగుగున్నలను పెంచు దంపతులను గూర్చిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అను లఘుచిత్రమునకును బహుమతి లభించినది. మరుసటి సంవత్సరము ఆ బహుమతి 'ది లాస్ట్ రిపేర్ షాప్' అను చిత్రమునకు దక్కినది. అమెరికాలోని లాస్ ఏంజెల్స్ నగరమున పాఠశాలల పిల్లలకు వాద్యములను ఉచితముగా ఇచ్చి, చెడినవానిని ఒక కార్మికశాలలో బాగుచేయుదురు. ఈ ఏర్పాటు 1959నుండి సాగుచున్నది. వాద్యములు సుమారు 80,000. నలుగురు పనివారు తంత్రీవాద్యములను, పియానోలను, ఊదు వాద్యములను చక్కదిద్దుచు తమ కథలు చెప్పుదురు. అందొకరు అజర్‌బైజాన్ దేశమున హింసకు లోనై పారిపోయి వచ్చిన ఆర్మీనియా జాతివాడు.

2025లో ఆ బహుమతి పొందిన 'ది ఓన్లీ గర్ల్ ఇన్ ది ఆర్కెస్ట్రా' అను చిత్రము మరియొక విధమైనది. ఆరిన్ ఓబ్రయన్ అను స్త్రీ డబుల్ బేస్ అను పెద్ద తంత్రీవాద్యమును వాయించును. అది నిలువెత్తు వయొలిను వంటిది. వాద్యబృందమునకు పునాదివంటి గంభీరస్వరము దానిది. 1966లో లెనార్డ్ బెర్న్‌స్టైన్ ఆమెను న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ బృందమున చేర్చుకొనెను. ఆ బృందమున స్థిరోద్యోగమొందిన మొదటి స్త్రీ ఆమె. ఏబది ఐదేండ్లు వాయించి 2021లో విశ్రాంతి తీసికొనెను. ఆమె తల్లిదండ్రులు ఇరువురును సినిమానటులు. ఇంట కీర్తియొక్క వెలుగును, దాని చీకటిని చూచియున్నందున కాబోలు, ఆమెకు ముందువరుస యనిన ఇష్టము లేదు. బృందములో వెనుక నిలిచి, ఇతరుల స్వరములకు ఆధారముగా వాయించుటయే ఆమెకు ప్రియము. ఆమెపై చిత్రము తీసినది సోదరుని కుమార్తెయే. మేనత్త మొదట ఒప్పుకొనలేదు. తనను గూర్చి ఇంత ఆర్భాటమెందులకని ఆమె సంశయము. ప్రసిద్ధిని కోరనివారిని ప్రసిద్ధులను చేయుట న్యాయమా యను ప్రశ్న చిత్రములోనే మిగిలియున్నది. మేనకోడలు ఆ ప్రశ్నను దాచిపెట్టలేదు. ఆరిన్ బొమ్మ తెరమీద నిండియున్నప్పుడును, ఆమె మాటలు ఎక్కువగా శిష్యులకు పాఠము చెప్పుటకును, విల్లును ఎట్లు పట్టవలెనో చూపుటకును ఖర్చగుచున్నవి.