కుదురని రోగము - చేయదగిన సేవ

వైద్యమనగా రోగమును కుదుర్చుటయే యని సామాన్యముగా అందరును తలంతురు. కాని ముదిరిన క్యాన్సరు వంటి కొన్ని వ్యాధులు కుదురవు. "ఇక చేయవలసినది లేదు, ఇంటికి తీసికొని వెళ్లండి" అను మాట విని తిరిగివచ్చిన కుటుంబములు మన తిరుత్తణి ప్రాంతపు పల్లెలలోను లేకపోలేదు. ఆ మాటలో సగమే నిజము. రోగము పోకపోవచ్చును, నొప్పి, ఆయాసము, వాంతులు, పుండ్ల దుర్వాసన, దిగులు - ఇవి చాలవరకు తగ్గింపదగినవే. ఇట్లు తగ్గించు వైద్యమునకు ఉపశమన చికిత్స యని పేరు. దీనిని ఆంగ్లమున తెలుపు 'పాలియేటివ్' అను పదము, పైవస్త్రమని యర్థమిచ్చు లాటిన్ మాటనుండి పుట్టినది. మన ఉత్తరీయము వంటిదన్నమాట!

నర్సుగా పనిచేసి, పిదప వైద్యము చదివిన సిసిలీ సాండర్స్ 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పెను. రోగి నొప్పితో కేకలు వేయువరకు ఆగక, వేళ తప్పక మందు ఇయ్యవలెనని ఆమె బోధించెను. మార్ఫిన్ అనగానే వ్యసనమగునని భయపడువారు నేటికిని గలరు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదున ఇచ్చినచో ఆ భయము చాలవరకు నిరాధారము.

మన దేశమున ఈ పనిని ఊరివారి చేతికిచ్చినది కేరళము. 1993లో కోళిక్కోడున ఆరంభమైన సంఘమునుండి పెరిగిన ఉద్యమములో గృహిణులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు శిక్షణ పొంది రోగుల ఇండ్లకు వెళ్లుచున్నారు. తమిళనాట 2021 ఆగష్టు 5న ఆరంభించిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకములోను ఇంటివద్ద ఉపశమన చికిత్స చేర్చబడినది.

సేవకుడు మందులు మార్చడు, సలహాలు చెప్పడు. రోగిని ఒత్తిగిలజేయుట, నోరు తడుపుట, రాత్రులు మేల్కొన్న ఇల్లాలికి ఒక గంట విశ్రాంతి కల్పించుట, అన్నిటికంటె ముఖ్యముగా వినుట - ఇవి అతని పనులు.

మన ప్రాంతమున ఇంకొక పనియు గలదు. తెలుగే తెలిసిన అవ్వ తన బాధను సలుపనియో, పోటనియో, మంటయనియో చెప్పును. చూడవచ్చిన నర్సుకు తమిళమే తెలిసియుండవచ్చును. నడుమనున్నవారు అన్నిటికిని 'వలి' యని ఒకే మాట చెప్పినచో చికిత్స దారి తప్పును. ఏలయనగా మంట, తిమ్మిరి, షాకు కొట్టినట్లుండుట నరముల నొప్పికి గుర్తులు. దానికి మార్ఫిన్ ఒక్కటియే చాలక వేరు మందులును కావలసివచ్చును. మంటను 'ఎరిచ్చల్' అని చెప్పగల విద్యార్థి, పెద్దలతో కూడ వెళ్లి అవ్వ చెప్పినది చెప్పినట్లు నర్సుకు వినిపింపవచ్చును: ఎక్కడ, ఎప్పటినుండి, ఏ వేళ ఎక్కువ, ఎటు పండుకొన్న తగ్గును.