డబ్ల్యూ 140 బోనెట్ కింద

1991 మార్చిలో జెనీవా మోటార్ షోలో మెర్సిడెస్-బెంజ్ సంస్థ ప్రదర్శించిన ఎస్-క్లాస్ సెలూన్‌ను, ఆ సంస్థ ఇంజనీర్లు పెట్టుకున్న సంకేతనామం ప్రకారం, వాహనప్రియులు నేటికీ డబ్ల్యూ 140 అనే పిలుస్తారు. జర్మనీలోని సిండెల్ఫింగెన్ కర్మాగారంలో 1998 వరకు తయారైన ఈ కారు వెడల్పు 1,886 మిల్లీమీటర్లు. బయటి రొద లోపలికి రాకుండా కిటికీలకు రెండేసి పొరల అద్దాలు, మెల్లగా ఆనిస్తే చాలు మిగిలిన కాస్త దూరాన్ని తమంతట తామే లాక్కుని మూసుకునే తలుపులు, రివర్స్ గేరు వేయగానే డ్రైవరుకు హద్దు తెలిపేందుకు వెనుక మూలల్లో పైకి లేచే సన్నని కడ్డీలు దీని వైభవానికి గుర్తులు. నాలుగు లక్షలకు పైగా తయారైన ఈ సెలూన్లు కొత్తలో సంపన్నులకు, దేశాధినేతలకు మాత్రమే అందుబాటులో ఉండేవి. కాలం గడిచి చేతులు మారుతున్నకొద్దీ వీటి ధర మామూలు కొత్త కారు ధరకంటే కిందికి దిగింది. ఆ దశలోనే కొనుగోలుదారుకు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇదే కారులో ఆరు, ఎనిమిది, పన్నెండు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్లూ, రెండు రకాల డీజిల్ ఇంజిన్లూ అమర్చి అమ్మినప్పుడు, వాటిలో దేన్ని ఎంచుకోవాలి?

మూడేళ్లు దాటిన వాడిన కారును భారతదేశంలోకి సాధారణ పద్ధతిలో దిగుమతి చేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక, ఈ ఎంపిక తెలుగువారిలో ముఖ్యంగా జర్మనీలోనో అమెరికాలోనో స్థిరపడినవారికి తటస్థపడేది. అయితే దీని వెనకనున్న శాస్త్రం ఏ దేశంలోని పాత కారుకైనా వర్తిస్తుంది.

ఇన్ని ఇంజిన్లు ఎందుకు పుట్టాయో తెలియాలంటే ఆనాటి పోటీని గుర్తుచేసుకోవాలి. 1987లో బి.ఎం.డబ్ల్యూ. సంస్థ తన 750ఐ కారులో 5 లీటర్ల, 300 హార్స్‌పవర్ పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌ను ప్రవేశపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ కారులో అలాంటి ఇంజిన్ రావడం అదే మొదలు. ఎనిమిది సిలిండర్లతో సరిపెట్టుకున్న మెర్సిడెస్‌కు అది తలవంపుగా తోచింది. కొత్త ఎస్-క్లాస్ రాక ఆలస్యమైనా పరవాలేదనుకుని, ఎం 120 పేరుతో 5,987 ఘన సెంటీమీటర్ల, 48 వాల్వుల, 408 హార్స్‌పవర్ ఇంజిన్‌ను సిద్ధం చేసింది. వాల్వు అంటే సిలిండర్‌లోకి గాలిని రానిచ్చే, పొగను బయటికి పంపే తలుపు. సిలిండర్‌కు నాలుగేసి వాల్వులుంటే ఇంజిన్ ఊపిరి తేలిగ్గా తీసుకుంటుంది. ఇదే సూత్రం మీద కింది మెట్టులో ఎం 119 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ 5 లీటర్లలో 326, 4.2 లీటర్లలో 286 హార్స్‌పవర్‌తోనూ, ఆ కింద ఎం 104 అనే ఆరు సిలిండర్ల ఇంజిన్ 3.2 లీటర్లలో 231 హార్స్‌పవర్‌తోనూ నిలిచాయి. తర్వాతి ఏళ్లలో కాలుష్య నియంత్రణ కోసం చేసిన మార్పులతో పన్నెండు సిలిండర్ల ఇంజిన్ 394కు, ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజిన్ 320కి తగ్గాయి గానీ, రెండు టన్నుల బరువున్న కారులో ఆ తేడాను పసిగట్టగల డ్రైవరు అరుదు.

సిలిండర్ల సంఖ్యను కేవలం ఆడంబరంగా చూడడం సరికాదు. పిస్టన్ పైకి వెళ్లి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్లీ కదులుతుంది; ప్రతిసారీ దాని జడత్వం ఇంజిన్‌ను ఒక దెబ్బ కొడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఈ దెబ్బలలో కొన్ని ఒకదానినొకటి రద్దు చేసుకోలేక వణుకుగా మిగిలిపోతాయి. ఆరు సిలిండర్లను ఒకే వరుసలో నిలబెడితే ప్రధానమైన దెబ్బలన్నీ తమలో తామే సరిపోతాయి. 60 డిగ్రీల కోణంలో అమర్చిన పన్నెండు సిలిండర్లు అంటే ఒకే క్రాంక్‌షాఫ్ట్‌ను పంచుకునే రెండు ఆరు సిలిండర్ల వరుసలే. పిస్టన్ల పైకీ కిందికీ కదలికను గుండ్రటి చలనంగా మార్చే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. అది రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేలోగా ప్రతి సిలిండర్‌లోనూ ఒకసారి ఇంధనం మండుతుంది. కాబట్టి ఆరు సిలిండర్లలో 120 డిగ్రీలకొకటి, ఎనిమిదిలో 90 డిగ్రీలకొకటి, పన్నెండులో 60 డిగ్రీలకొకటి చొప్పున శక్తి అందుతుంది. దీన్నిబట్టి ఒక సంగతి గ్రహించవచ్చు: నునుపుదనమే కావాలనుకునేవారికి ఆరు సిలిండర్ల ఇంజిన్ ఏమీ తక్కువ కాదు, పన్నెండు సిలిండర్లు అదనంగా ఇచ్చేది లాగుడు శక్తి, దాంతోపాటు యజమానికి కలిగే గర్వం.

ఎం 104 ఇంజిన్ 1989లో పుట్టింది. దీని దిమ్మ పోత ఇనుముతో, పైనుండే హెడ్డు అల్యూమినియంతో చేసినవి. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఈ రెండు లోహాల మధ్య నలిగేది హెడ్ గాస్కెట్ అనే పలుచని పొర. ఏళ్లు గడిచాక దాని మూలల నుంచి ఆయిల్ చెమటలా ఊరడం ఈ ఇంజిన్ల సహజ లక్షణమైంది. హెడ్డు దించి గాస్కెట్ మార్చడం ఖర్చుతో కూడిన పనే గానీ, ఇంజిన్‌కు ప్రాణాపాయం కాదు. సిలిండర్లన్నీ ఒకే వరుసలో ఉండడంతో బోనెట్ ఎత్తితే పక్కల చేయి పెట్టడానికి చోటుంటుంది. మెకానిక్కు పని గంటలు తగ్గితే యజమానికి బిల్లూ తగ్గుతుంది. దక్షిణ కొరియాకు చెందిన సాంగ్‌యాంగ్ సంస్థ తన ‘ఛైర్మన్’ అనే కారుకు ఇదే ఇంజిన్ రూపాన్ని తెచ్చుకోవడం దీని మన్నికకు దక్కిన గుర్తింపుగా భావించవచ్చు. ఇంత బరువైన కారును ఎత్తు రోడ్ల మీదికి లాగేటప్పుడు మాత్రం దీని ఆయాసం వినిపిస్తుంది.

ఇక్కడ ఇంజిన్లను కాసేపు పక్కనబెట్టి, వాటిని చుట్టుకుని ఉండే వైర్ల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కార్ల చరిత్రలో పిస్టన్లకంటే ఎక్కువ మందిని ఏడిపించినవి అవే. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకు, నిప్పురవ్వ పుట్టించే కాయిళ్లకు, వేడినీ గాలినీ కొలిచే సెన్సర్లకు కంప్యూటర్ నుంచి సంకేతాలు మోసే వైర్ల కట్టను హార్నెస్ అంటారు. సుమారు 1992 నుంచి 1995 వరకు తయారైన కార్లలో ఈ వైర్లకు, వాడకం ముగిశాక ప్రకృతిలో తేలిగ్గా శిథిలమయ్యే రకం తొడుగు వేశారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ తొడుగు చెత్తకుప్ప చేరేదాకా ఆగలేదు. ఇంజిన్ వేడికి బోనెట్ కిందే శిథిలం కావడం మొదలుపెట్టింది. ఇంజెక్టర్ దగ్గర నల్లటి గొట్టాన్ని కాస్త వెనక్కి జరిపి లోపలి సన్నని వైరును వేళ్లతో మెల్లగా వంచితే, పాడైన కారులో దాని తొడుగు అప్పడంలా పెళుసుగా విరిగి పొట్టు రాలుతుంది, లోపలి రాగి తీగ బయటపడుతుంది. పక్కపక్కనున్న రెండు తీగలు తగులుకుంటే ఇంజిన్ ఒకసారి తడబడుతుంది, మరోసారి ఆగిపోతుంది, ఇంకోసారి ఏ లోపమూ లేనట్టు నడుస్తుంది; అదృష్టం బాగాలేకపోతే ఖరీదైన కంప్యూటర్ కాలిపోతుంది. కారణం తెలియని మెకానిక్ సెన్సర్లూ ప్లగ్గులూ ఒక్కొక్కటే మారుస్తూ పోతాడు. హార్నెస్ మీద దాన్ని తయారుచేసిన తేదీ ముద్రించిన చీటీ ఉంటుంది. ఆ తేదీ కారు వయసుకంటే బాగా తర్వాతిదైతే కట్ట మార్చారని అర్థం. ఈ ఒక్క చీటీ చెప్పినంత నిజం అమ్మేవాడి మాటలన్నీ కలిసినా చెప్పలేవు.

ఎం 119 ఇంజిన్ విషయానికి వస్తే, మెర్సిడెస్ చరిత్రలో ఖర్చుకు వెనుకాడకుండా చేసిన ఇంజిన్లలో ఇదొకటి. దీని దిమ్మ కూడా అల్యూమినియమే. సిలిండర్ల లోపల ఇనుప గొట్టాలు ఉండవు. అల్యూమినియంలో సిలికాన్‌ను అధికంగా కలిపి పోతపోసి, లోపలి గోడను రసాయనంతో కొద్దిగా తినేలా చేస్తే, మెత్తటి లోహం తగ్గి గట్టి సిలికాన్ రేణువులు పైకి తేలతాయి; పిస్టన్ రింగులు ఆ రేణువుల మీద జారతాయి. 1989లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో గెలిచిన సౌబర్ సి9 కారును నడిపించింది రెండు టర్బోలు తగిలించిన ఇదే ఇంజిన్ కుటుంబం. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులకు ఆయిల్ చేర్చే సన్నని గొట్టాల ప్లాస్టిక్ బిగింపులు వదులై టకటకమనే శబ్దం రావడం, తడి వాతావరణంలో నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ మూతల్లో తేమ చేరి ఇంజిన్ కుంటుపడడం దీనికున్న జబ్బులు. 1996 నుంచి డిస్ట్రిబ్యూటర్లను తొలగించి కాయిళ్లతో నేరుగా నిప్పురవ్వ పుట్టించే పద్ధతి తెచ్చారు కనుక రెండో జబ్బు వాటికి లేదు. 4.2 లీటర్ల ఇంజిన్ కూడా ఇదే కుటుంబంలోది. సిలిండర్ అడ్డుకొలత 96.5 నుంచి 92 మిల్లీమీటర్లకు, పిస్టన్ నడక 85 నుంచి 78.9 మిల్లీమీటర్లకు తగ్గించారు. భాగాల సంఖ్య అంతే, మరమ్మతు శ్రమ అంతే, పెట్రోలు ఆదా కొద్దిపాటిదే అయినప్పుడు వాడిన కారు కొనేవాడికి చిన్నదాన్ని ఏరికోరి వెతకడానికి కారణం కనిపించదు.

పన్నెండు సిలిండర్ల ఎం 120 చెడ్డ ఇంజిన్ ఎంతమాత్రం కాదు. ఇటలీకి చెందిన పగాని సంస్థ 1999లో తన జోండా కారును ఈ ఇంజిన్‌తోనే లోకానికి చూపించింది. చిక్కు ఎక్కడంటే, దీనిలో ప్రతిదీ రెండుంటాయి: తొలి కార్లలో ఇంధన నియంత్రణ కంప్యూటర్లు రెండు, గాలి ద్వారాన్ని తెరిచే ఎలక్ట్రానిక్ యంత్రాలు రెండు, డిస్ట్రిబ్యూటర్లు రెండు, పెళుసుబారే హార్నెస్‌లూ రెండు. బోనెట్ కింద స్థలం నిండిపోవడంతో వేడి బయటికి పోయే దారి తక్కువ, వేడి ఎక్కువైతే వైర్ల ఆయుష్షు మరింత తక్కువ. ఒక వరుస పనిచేయడం మానేసినా మిగిలిన ఆరు సిలిండర్లతో కారు నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది కనుక, పరిశీలన లేని యజమాని రోగాన్ని ముదరబెట్టుకుంటాడు. ఏనుగును చవగ్గా కొనవచ్చు గానీ దాని మేత చవగ్గా దొరకదు. కొత్తలో అన్నిటికంటే ఖరీదైన ఈ రకం పాత కార్ల సంతలో తరచూ ఎనిమిది సిలిండర్ల రకానికి దగ్గరి ధరకే కనిపించడానికి కారణం ఇదే.

డీజిల్ రకాలలో ఒకటి గట్టి హెచ్చరిక, రెండోది నిశ్శబ్ద విజయం. 1980ల నాటి 3 లీటర్ల ఓఎం 603 ఇంజిన్‌ను, సిలిండర్ అడ్డుకొలత 87 నుంచి 89కి, పిస్టన్ నడక 84 నుంచి 92.4 మిల్లీమీటర్లకు పెంచి 3,449 ఘన సెంటీమీటర్లు చేశారు. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్లు ఆ పెరిగిన భారానికి తట్టుకోలేకపోయాయి. రాడ్డు వెంట్రుకవాసి వంగినా పిస్టన్ ఒక పక్కకు ఒరుగుతుంది, సిలిండర్ గుండ్రటి ఆకారం కోల్పోయి కోడిగుడ్డులా అరుగుతుంది, ఇంజిన్ డీజిల్‌తో పాటు ఆయిల్‌నూ తాగడం మొదలుపెడుతుంది. అమెరికాలో 300ఎస్‌డీగా, తర్వాత ఎస్ 350గా అమ్ముడైన 150 హార్స్‌పవర్ కార్లలో ఉన్నది ఇదే. రాడ్లు మార్చిన రుజువు లేకుండా దీన్ని ఉచితంగా ఇచ్చినా ఆలోచించాల్సిందే. 1996లో వచ్చిన ఎస్ 300 టర్బోడీజిల్‌లోని 24 వాల్వుల ఓఎం 606 ఇంజిన్ పాత 3 లీటర్ల కొలతలకే తిరిగివెళ్లి, 177 హార్స్‌పవర్ ఇస్తూ, దీర్ఘాయువుగా పేరు తెచ్చుకుంది.

గేర్‌బాక్స్‌ను వదిలి ఇంజిన్‌ను మాత్రమే ఎంచుకోవడం కుదరదు. తొలి కార్లలో ఎనిమిది, పన్నెండు సిలిండర్లకు జతచేసిన నాలుగు గేర్ల ఆటోమేటిక్ పూర్తిగా ఆయిల్ ఒత్తిడితో పనిచేసే మొండిఘటం. సుమారు 1995-96 నుంచి వచ్చిన ఐదు గేర్ల ఎలక్ట్రానిక్ గేర్‌బాక్స్‌కు జీవితాంతం ఆయిల్ మార్చనవసరం లేదని మొదట్లో చెప్పారు; అనుభవం దాన్ని నిలబెట్టలేదు. దాని వైర్లు కలిసే ప్లగ్గు దగ్గర రబ్బరు వలయాలు గట్టిపడితే ఆయిల్ తీగల వెంబడి పాకి కంప్యూటర్ దాకా చేరుతుంది. ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపగలిగిన కారులో ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, సిలిండర్ల సంఖ్యకంటే తయారైన సంవత్సరానికే ఎక్కువ విలువ ఇవ్వాల్సి వస్తుంది. వైర్ల తొడుగు మారి, డిస్ట్రిబ్యూటర్లు పోయి, గేర్లు ఐదైన 1996-98 కాలపు ఎస్ 500, అంటే 5 లీటర్ల ఎనిమిది సిలిండర్ల రకం, ఈ వరుసలో అన్నివిధాలా సమతూకమైన కొనుగోలు. మరమ్మతు ఖర్చుకు పరిమితి పెట్టుకున్నవారికి అదే కాలపు ఆరు సిలిండర్ల ఎస్ 320 సరైనది. రోజూ తిరగడానికి మరో కారు ఉన్నవారు తప్ప పన్నెండు సిలిండర్ల ఎస్ 600 జోలికి వెళ్లకపోవడం మంచిది. ఏది చూడబోయినా, ఇంజిన్‌ను ముందుగా స్టార్ట్ చేయవద్దని యజమానికి చెప్పి వెళ్లాలి, ఎందుకంటే క్యామ్‌షాఫ్టుల టకటక, ఆయిల్ తాగే సిలిండర్ల నీలిపొగ, పెళుసు వైర్ల తడబాటు బయటపడేది రాత్రంతా చల్లారిన ఇంజిన్ తొలి నిమిషంలోనే. వెళ్లగానే బోనెట్ మీద చేయి ఆనించి చూసినప్పుడు అది వెచ్చగా తగిలితే, ఆ రోజుకు బేరం ఆపి మర్నాడు ఉదయం మళ్లీ రావడం మేలు.