తంగేడుకు కావలసింది నీళ్లు కాదు, ఎండ

ఇబ్రహీంపట్నం, ఆదిబట్ల, మంగళ్‌పల్లి చుట్టూ ఉన్న చలకలు వెంచర్లయ్యాయి. గట్ల మీది తంగేడు పొదలూ వాటితోపాటే పోయాయి. కొత్త ఇళ్ల ముందు ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి పెట్టి, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లతో బతికిస్తున్నాం. బతుకమ్మ పండుగకు మాత్రం తంగేడు పూలు కొనుక్కుంటున్నాం. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన ఈ మొక్క మన వాకిట్లోకి రాకపోవడానికి కారణం కొన్ని అపోహలే.

అపోహ: తంగేడు బంజరు మొక్క, ఇంట్లో బతకదు.

వాస్తవం: ఇంట్లో పెట్టిన తంగేడును చాలాసార్లు చంపేది మన అతి శ్రద్ధే. రోజూ నీళ్లు పెడితే, నీరు నిలిచే చోట నాటితే వేరు కుళ్లుతుంది. ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుందే తప్ప పూత రాదు. మొరం కలిసిన ఎర్రనేల, పొద్దంతా ఎండ దానికి చాలు. నాటిన మొదటి ఎండాకాలం మాత్రం అప్పుడప్పుడు తడి ఇవ్వాలి. ఆ తర్వాత వానలే దిక్కు.

అపోహ: గుట్ట మీది మొక్కను పీకి తెచ్చి నాటితే సరిపోతుంది.

వాస్తవం: తల్లివేరు లోతుగా దిగుతుంది. పీకితే అది తెగుతుంది, మొక్క వాడిపోతుంది. అక్కడా ఒక పొద తగ్గుతుంది. విత్తనమే మేలు. ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయల నుంచి గింజలు తీయండి. వాటి పెంకు గట్టిది. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, అందులో గింజలు వేసి తెల్లారేదాకా ఉంచండి. మృగశిర వానలు పడగానే మొక్క పెరగాల్సిన చోటే విత్తండి.

అపోహ: కొమ్మలు కోస్తే పొద చచ్చిపోతుంది.

వాస్తవం: నరికిన మోడు నుంచి మళ్లీ చిగురించడం తంగేడు స్వభావం. తోళ్లు ఊనడానికి దాని బెరడును తరతరాలుగా వాడారు, అయినా జాతి నిలిచింది. పూత, కాయ అయ్యాక మోకాలి ఎత్తుకు కత్తిరిస్తే పొద గుబురుగా లేచి, కొత్త కొమ్మల చివర్లు పూలతో నిండుతాయి.

అపోహ: పూలలో తేనె ఉండదు కాబట్టి తేనెటీగలకు పనికిరాదు.

వాస్తవం: మకరందం లేని మాట నిజమే. కానీ ఈ పువ్వు పుప్పొడినే మేతగా పెడుతుంది, అదీ అందరికీ కాదు. పుప్పొడి తిత్తుల కొసన సన్నని రంధ్రాలుంటాయి. నల్లటి తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తేనే పొడి రాలుతుంది. పొట్టి కేసరాల పొడి దానికి ఆహారం. పొడవాటి కేసరాల పొడి దాని ఒంటికి అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. ఇక ఆకులు కొరికే పచ్చటి పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి. అవి చాలావరకు లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు.

అపోహ: మళ్లలో తంగేడు రొట్ట తొక్కేవారు కాబట్టి, జీలుగలాగే ఇది నత్రజని పట్టి నేలకిస్తుంది.

వాస్తవం: ఇదీ కాయజాతి మొక్కే అయినా వేళ్లపై నత్రజని పట్టే బొడిపెలు రావు. బలమిచ్చేది కుళ్లిన ఆకే.

అపోహ: పూల కషాయం తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: మానకూడదు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చక్కెర తగ్గినంత మాత్రాన అది మాత్రకు బదులు కాదు. మాత్రతోపాటు తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదమూ ఉంది. పేరు, పూలు చూసి మరో మొక్కను తంగేడనుకోవద్దు. విరేచనానికి వాడే సునాముఖి నేలతంగేడు ఆకు, అది వేరే మొక్క. రోడ్ల పక్కన చెట్టంత పెరిగే సీమతంగేడూ వేరే. అసలు భయం కసివిందతో. దానివీ పసుపు పూలే, గింజలు పిల్లల ప్రాణాలకు ముప్పు. కసివింద ఆకులు కొసదేలి ఉంటాయి, నలిపితే దుర్వాసన వస్తుంది. తంగేడు ఆకులు చిన్నవి, కొస మొద్దుగా ఉంటాయి, కాడ మొదట్లో చెవుల్లాంటి రెండు రెక్కలు కనిపిస్తాయి. విత్తనం ఏరేముందు ఆ చెవులు చూడండి.