చేపల రేవులో స్త్రీల శ్రమ: చిత్రకారుల చూపు

చేపల వేట అనగానే నడిసంద్రంలో వల విసిరే పురుషుడే మనసులో మెదులుతాడు కాని, పడవ ఒడ్డుకు చేరిన తరువాత ఆ చేపను సొమ్ముగా మార్చే పనిలో అధికభాగం స్త్రీలదే. ఆ శ్రమను ప్రధాన వస్తువుగా స్వీకరించిన చిత్రకారులలో అమెరికాకు చెందిన విన్‌స్లో హోమర్ ముఖ్యుడు.

ఆయన 1881, 1882 సంవత్సరాలలో ఇంగ్లండు ఈశాన్య తీరంలోని కల్లర్‌కోట్స్ అనే బెస్తపల్లెలో నివసించి, అక్కడి స్త్రీలను నీటిరంగులతో, అంటే రంగును నీటితో పలుచన చేసి కాగితంపై పూసే పద్ధతిలో, విరివిగా చిత్రించాడు. 1883 నాటి ‘ఇన్‌సైడ్ ద బార్’ ప్రస్తుతం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. బార్ అంటే నదీముఖం వద్ద ఏర్పడే ఇసుకమేట. ఈదురుగాలికి ఒడిగుడ్డ తెరచాపలా ఉబ్బుతుండగా బుట్టతో నిలిచిన స్త్రీ ఆ చిత్రంలో ముందుభాగాన్ని ఆక్రమిస్తే, పడవలు ఆమె వెనుక చిన్నవిగా కనిపిస్తాయి. ఎవరిని ముందు నిలపాలో నిర్ణయించుకోవడంలోనే చిత్రకారుడి అభిప్రాయం ఉంది.

భారతీయ చిత్రకారిణి బి. ప్రభ (1933–2001) తైలవర్ణాలలో, ఒకే రంగు ప్రధానంగా, సన్నగా సాగిన అవయవాలతో బెస్త స్త్రీలను చిత్రించింది. హోమర్ స్త్రీలలో గాలికి ఎదురొడ్డే బలం ప్రధానం కాగా, ఈమె స్త్రీలలో ఏకాంతం, అలసట ప్రధానం.

విశాఖపట్నం చేపల రేవులో నేటికీ స్త్రీలు వేలంపాటలో చేపలు కొని, రకాలవారీగా ఏరి, ఐసు వేసి గంపలకెత్తుతారు. అమ్ముడుపోనివాటికి ఉప్పు పట్టించి ఎండబెడతారు. ఎండుచేపలు సముద్రానికి దూరమైన రాయలసీమ సంతలకూ చేరతాయి కనుక, ఆ శ్రమఫలం మెట్టసీమ వంటింటికీ తెలిసినదే.

ఈ చిత్రాల పాఠం తీరానికే పరిమితం కాదు. రాయలసీమలోని గండికోటను చిత్రించేవారు ఎర్రమల కొండలను కోసుకుంటూ సాగే పెన్నలోయను, కోటగోడలను, మసీదును ప్రధానంగా చూపుతారు. అయితే జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి చేలలో శనగ పీకే, పత్తి తీసే కూలీ స్త్రీలను ముందు నిలిపి, కోటను వెనుకకు జరిపితే, అదే దృశ్యం శిథిల వైభవానికి కాక, ఆ నేలపై సాగుతున్న బతుకుకు సాక్ష్యమవుతుంది.