వైఫై డబ్బా వెనకాల ఉన్న ఫోను

హాల్లో టీవీ పక్కనో, గుమ్మం పైన మేకుకో ఉండి, రోజంతా పచ్చ లైట్లు మిణుకుమనిపించే వైఫై డబ్బాని వెనక్కి తిప్పి చూసేవాళ్లు తక్కువ. తిప్పితే కరెంటు పిన్ను, వెంట్రుకంత గాజుపోగు వచ్చి చేరే చిన్న మూతి, కంప్యూటర్ వైర్ల కోసం వరసగా కొన్ని రంధ్రాలు కనిపిస్తాయి. చాలా డబ్బాల్లో వాటి పక్కనే ఇంకాస్త చిన్న రంధ్రం ఉంటుంది, దుమ్ముపట్టి, ఖాళీగా. దాని మీద ‘టెల్’ అనో ‘ఫోన్’ అనో రాసి ఉంటుంది. పాత ల్యాండ్‌లైన్ తీగ చివరి ప్లాస్టిక్ క్లిప్పు అందులో టక్కుమని కూర్చుంటుంది. కంపెనీవాళ్లు ఆ సర్వీసు ఆన్ చేసి ఉంటే, రిసీవర్ ఎత్తగానే పాత డయల్ టోనే వినిపిస్తుంది.

ఇంటి ఫోనుకు చవకైన దారి వెతికేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఆ రంధ్రాన్నే. ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్న చాలా కుటుంబాలకు దేశమంతా మాట్లాడుకునే ఫోను ఆ ప్యాకేజీలోనే వచ్చేసింది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల ఒక చేత్తో ఇంటర్నెట్ బిల్లు, ఇంకో చేత్తో ల్యాండ్‌లైన్ బిల్లు కడుతూనే ఉన్నవాళ్లున్నారు. బిల్లు భారమని ల్యాండ్‌లైన్ పీకించేసి, పెద్దవాళ్లని సెల్‌ఫోనుతో కుస్తీ పట్టిస్తున్నవాళ్లూ ఉన్నారు.

2006 నాటికి దేశంలో సుమారు 5 కోట్ల ల్యాండ్‌లైన్లుండేవి. 2020 వచ్చేసరికి అవి 2 కోట్ల దగ్గరకు పడిపోయాయి. సెల్‌ఫోను ఒక కారణమైతే, రోడ్డు తవ్విన ప్రతిసారీ తెగే రాగి కేబుల్, వానొస్తే గరగరలాడే లైను ఇంకో కారణం. తర్వాత లెక్క మళ్లీ పైకి లేచి, 2024 చివరికి దాదాపు 4 కోట్లకు చేరింది. రాగి తీగ తిరిగి రాలేదు కానీ, ఫైబర్ వెంట ఫోను మళ్లీ ఇళ్లలోకి వచ్చింది.

ఈ రోజుల్లో ఇంటి ఫోను ఎవరికి కావాలి? ఇంట్లో అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్లుండి, సిగ్నలే సమస్యయితే వేరే ఫోను అక్కర్లేదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో వైఫై కాలింగ్ మొదలుపెట్టాయి. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసుకుంటే సరిపోతుంది. ఇంటి ఫోను కావాల్సింది చూపు తగ్గి టచ్‌స్క్రీన్ మీద వేలు కుదరని మామ్మకి, వినికిడి తగ్గి పెద్ద రింగు ఉంటే తప్ప లేవని తాతయ్యకి. ముప్ఫై ఏళ్లుగా బోర్డు మీద ఒకే నంబరు రాయించుకున్న మందుల షాపుకి కూడా. రిసీవర్ ఎత్తితే మాట, పెట్టేస్తే అయిపోయినట్టు. చార్జింగ్ చూసుకోనక్కర్లేదు, ఎక్కడ పెట్టామా అని వెతుక్కోనక్కర్లేదు. వయసు మీదపడిన మనిషికి అదెంత నిశ్చింతో ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంటర్నెట్ ఫోను అనగానే మాట సరిగా వినపడదేమో, మధ్యలో తెగుతుందేమో అన్న భయం సహజం. అసలు జరిగేదేమిటంటే, మాటని సాధారణంగా సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ చిరునామా కట్టి పంపిస్తారు. అవతల మళ్లీ వరసలో పేర్చి వినిపిస్తారు. మామూలు ల్యాండ్‌లైన్ నాణ్యత ఉన్న మాటకి సెకనుకు 64 కిలోబిట్లు చాలు. చిరునామాల బరువు కలిపినా 90 దాటదు. అంటే 30 ఎంబీపీఎస్ ప్లానులో మూడొందలో వంతు కూడా కాదు. కాబట్టి ఫోను కోసమని పెద్ద స్పీడు ప్లాను కొనడం దండగ. మాట చెడేది ముక్కలు ఆలస్యంగా, వరస తప్పి వచ్చినప్పుడు. ఇటువైపు మాట అటు చేరడానికి సెకనులో ఏడో వంతు కన్నా ఎక్కువ పడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. ఫైబర్ కంపెనీ తన డబ్బా ద్వారా తనే ఇచ్చే ఫోనులో మాటకి సాధారణంగా వేరే దారి కేటాయిస్తుంది. పక్క గదిలో పిల్లలు సినిమా చూస్తున్నా దానికి అడ్డురాదు. యాప్‌ల ద్వారా నడిచే ఫోన్లు మాత్రం ఆ సినిమాతో పాటు అదే దారిలో తోసుకుంటూ వెళ్లాలి.

యాప్ ఫోన్ల కథ మన దేశంలో చాలాకాలం సగంలోనే ఆగిపోయింది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ద్వారా విదేశాలకు ఫోను చేసుకోనిచ్చారు గానీ, దేశంలోని మామూలు ఫోన్లకు కలపనివ్వలేదు. 2014 నవంబరు 10 నుంచి స్కైప్ కూడా భారతదేశం లోపల ఫోన్లకు చేసే కాల్స్ ఆపేసింది. 2018 జూన్‌లో టెలికాం శాఖ నిబంధనలు సడలించాకే దారి తెరుచుకుంది. మరుసటి నెలలోనే బీఎస్ఎన్ఎల్ ఏడాదికి 1,099 రూపాయల రుసుముతో ‘వింగ్స్’ అనే యాప్ ఫోను ప్రకటించింది. సిమ్ కార్డు లేకుండా పది అంకెల నంబరు. ఎక్కడ వైఫై ఉంటే అక్కడ మోగుతుంది. తిరిగేవాళ్లకి అది బాగుంటుంది. కానీ బల్ల మీద కదలకుండా ఉండి, రిసీవర్ ఎత్తితే పలికే ఫోను కావాలన్నవాళ్లకి డబ్బా వెనకాల రంధ్రమే సరైన దారి.

ఇక డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామని మొదలైంది. 2020 సెప్టెంబరు, అక్టోబరుల్లో ధరల పోటీ ఊపందుకుంది. జియోఫైబర్ 399, బీఎస్ఎన్ఎల్ 449, ఎయిర్‌టెల్ 499 రూపాయల ప్లాన్లు తెచ్చాయి. అన్నింట్లోనూ దేశమంతా ఎంత మాట్లాడుకున్నా ఇంటర్నెట్ ధరలోనే. ప్రకటనలో కనిపించే అంకెకు 18 శాతం జీఎస్టీ కలుపుకోవాలి. అప్పుడు 399 కాస్తా 471 అవుతుంది, 499 అయితే 589. ప్లాన్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ రోజు ధర మీ ఊరి ఆఫీసులోనే అడగాలి. పెట్టించుకునే ఖర్చు ఎంత, డబ్బా అద్దెకా సొంతానికా, ఆరు నెలలో ఏడాదో ముందే కట్టించుకుంటారా అన్నవీ అప్పుడే తేల్చుకోవాలి. ఫోను సెట్టు చాలాసార్లు మనమే కొనుక్కోవాలి. ఇంట్లో పాతది ఉంటే అదే పనికొస్తుంది, నొక్కే బటన్లున్నదయితే. వేలు పెట్టి తిప్పే నల్ల ఫోను తిప్పుళ్లని చాలా కొత్త డబ్బాలు గుర్తుపట్టవు.

నంబరు దగ్గర మాత్రం తొందరపడితే పోయేది తిరిగి రాదు. మన దేశంలో కంపెనీ మారినా నంబరు నిలుపుకునే సదుపాయం 2011 జనవరి నుంచి దేశమంతా ఉన్నది సెల్‌ఫోన్లకే. ల్యాండ్‌లైన్లకి లేదు. హైదరాబాద్‌లో 040 తర్వాత 2తో మొదలయ్యే పాత బీఎస్ఎన్ఎల్ నంబరుని ఇంకో కంపెనీకి పట్టుకుపోలేం. అదే నంబరు కావాలంటే బీఎస్ఎన్ఎల్ రాగి లైనునే బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌గా మార్పించుకోవాలి. ఆఫీసుకెళ్లినప్పుడు ‘సరెండర్’ అన్న మాట అనకూడదు, ఫైబర్‌కి మార్చమని రాసివ్వాలి. సరెండర్ చేస్తే ఆ నంబరు పోతుంది. దాంతో పాటు ఆ నంబరు ఒక్కటే జ్ఞాపకమున్న పాత స్నేహితులూ దూరమవుతారు. వేరే కంపెనీకి వెళ్లాలనుకున్నా, కొత్త ఫోను పక్కాగా పనిచేస్తోందని తేలేదాకా పాతదానికి ఒకటి రెండు నెలలు అదనంగా కట్టడమే మంచిది. మార్చుకునేటప్పుడు పాత లైను కోసం ఎప్పుడో కట్టిన డిపాజిట్ సంగతి కూడా అడగాలి.

అన్నింటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది కరెంటు గురించి. రాగి లైనులో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు ఫోనుకి వచ్చేది. అక్కడ గదినిండా బ్యాటరీలుండేవి. అందుకే ఊరంతా చీకటైనా ల్యాండ్‌లైన్ మోగేది. గాజుపోగులో నడిచేది వెలుగు, కరెంటు కాదు. ఇంట్లో కరెంటు పోయి డబ్బా ఆరిపోతే ఫోను మూగబోతుంది.

ఇది చిన్న విషయం కాదని బ్రిటన్ అనుభవం చెబుతోంది. అక్కడ రాగి ఫోన్లను 2025 చివరికల్లా పూర్తిగా తీసేయాలనుకున్నారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు మెడలో వేసుకునే అత్యవసర బటన్లు ల్యాండ్‌లైన్ మీదే పనిచేసేవి. లైను మార్చాక కొన్ని ఇళ్లలో ఆపద వేళ అవి పలకలేదు. దాంతో 2023 డిసెంబరులో కంపెనీలు బలవంతపు మార్పిడి ఆపాయి. గడువు 2027 జనవరికి జరిగింది.

మన ఇళ్లలో ఇన్వర్టర్ ఉందిగా అనుకుంటాం. అసలు లోపం ఉండేది అక్కడే. ఇన్వర్టర్ వైరింగ్ సాధారణంగా ఫ్యాన్లకి, లైట్లకి మాత్రమే వేస్తారు. వైఫై డబ్బా గుచ్చేది టీవీ దగ్గరి ప్లగ్గులో. ఆ ప్లగ్గుకి ఇన్వర్టర్ కరెంటు వస్తోందా లేదా అన్నది మెయిన్ స్విచ్ ఒక్కసారి దించితే తెలిసిపోతుంది. రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో ఒక లైను లాగించాలి. ఇన్వర్టర్ లేని ఇంటికి వైఫై డబ్బాల కోసమే అమ్మే చిన్న యూపీఎస్‌లున్నాయి. అరచేతిలో పట్టేంత పెట్టె, కొన్ని గంటలు నడుస్తుంది. కొనేముందు డబ్బా అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోవాలి. ఎక్కువ డబ్బాలవి 12 వోల్టులు. కార్డ్‌లెస్ ఫోను పెట్టుకుంటే దాని స్టాండుకీ కరెంటు కావాలి. కాబట్టి పెద్దవాళ్ల గదిలో తీగ ఉన్న ఫోనే నయం.

ఇంటి బయట సంగతి మన చేతిలో ఉండదు. మన ఊళ్లలో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు లాగింది కూడా ఆ స్తంభాల మీదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. అలాంటి గాలికి స్తంభం ఒరిగితే దాని మీది ఫైబర్ నిలవదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి పలువురు చనిపోయాక, విద్యుత్ సంస్థ స్తంభాల మీద వేలాడే కేబుళ్లని తొలగించింది. చాలా వీధుల్లో ఇంటర్నెట్ ఆగింది. ప్రాణాలు పోయాక ఆ పని తప్పదు. అయితే అలాంటి రోజున ఫైబర్ మీదే ఆధారపడ్డ ఇంటి ఫోన్లూ పలకవు. అందుకే ఇంట్లో ఒక సెల్‌ఫోను, అది కూడా ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీది కాకుండా వేరే కంపెనీ సిమ్ముతో, పక్కన ఉండాలి. ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నకి ప్రకటనల్లో జవాబు దొరకదు. చాలాచోట్ల చివరి తీగ లాగేదీ, తెగితే అతికేదీ ఆ వీధి కేబుల్ ఆపరేటరే. పోయిన వానాకాలంలో ఎవరి లైను ఎన్ని రోజులు ఆగిందో పక్కింటివాళ్లే చెప్పగలరు.

అత్యవసర కాల్స్ సంగతీ ముందే చూసుకోవాలి. అమెరికాలో ఇరవై ఏళ్ల కిందటే ఈ చవక ఫోన్లు ఇళ్లలోకి వచ్చాయి. 2005లో హ్యూస్టన్‌లో ఒక ఇంట్లోకి దొంగలు చొరబడి తల్లిదండ్రులను కాల్చారు. కూతురు అత్యవసర నంబరు 911కి చేస్తే ఇంటర్నెట్ ఫోనులో పోలీసులు పలకలేదు, రికార్డు చేసిన గొంతు పలికింది. ఆ ఏడాదే అక్కడి నియంత్రణ సంస్థ, 911 కాల్ ఇంటి చిరునామాతో సహా చేరేలా 120 రోజుల్లో ఏర్పాటు చేయాలని ఇంటర్నెట్ ఫోను కంపెనీలను ఆదేశించింది. అవే రోజుల్లో అమెరికా నుంచి సెలవులకొచ్చే పిల్లలు అమెరికా నంబరున్న అడాప్టర్లని సూట్‌కేసుల్లో తెచ్చి విజయవాడలో, గుంటూరులో అమ్మానాన్నల ఇళ్లలో తగిలించి వెళ్లేవారు. అక్కణ్నుంచి ఇక్కడికి లోకల్ కాలే. 2015లో వాట్సాప్ కాల్స్ వచ్చాక ఆ పెట్టెల అవసరం తగ్గిపోయింది. ఇప్పటికీ ఎక్కడైనా ఒకటి మిగిలి ఉంటే, అందులోంచి 112కి గానీ 108కి గానీ చేయొచ్చని అనుకోకూడదు. ఆ ఫోను ఉన్నది గుంటూరులోనే అయినా, దాని చిరునామా మాత్రం అమెరికాది.

మార్పించుకున్న రోజున ఇల్లంతా కలిసి ఒక గంట దాని మీద కూర్చుంటే చాలు. ముందు లోపలికి, బయటికి కాల్ చేసి చూడాలి. కంపెనీ దగ్గర ఇంటి చిరునామా సరిగ్గా రాసి ఉందో లేదో సరిచూసుకోవాలి. తర్వాత మెయిన్ స్విచ్ దించి, డబ్బా లైట్లు ఆరకుండా ఉన్నాయో లేదో చూసి, అదే చీకట్లో ఇంకో కాల్ చేయాలి. పెద్దవాళ్ల చేతనే చేయించాలి, వాళ్ల కుర్చీలోంచే. చివరగా ఫోను పక్కనుండే పాత డైరీ తీయాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లోంచి ఏ సెల్‌ఫోనుకి చేసినా ముందు సున్నా కొట్టాలి. ఫైబర్ ఫోనుకీ అదే నియమం. కొడుకు నంబరు ముందు, డాక్టరు నంబరు ముందు, పాలబ్బాయి నంబరు ముందు, పేజీ పేజీకీ స్కెచ్ పెన్నుతో లావుగా ఒక్కో సున్నా రాసిపెట్టాలి.